మందు ఆగిపోయిన రోజునే అసలు డేటా పుడుతుంది

సర్వర్ క్రాష్ అయితే ఐటీ వాళ్లు మొదట అడిగేది లాగ్స్. క్రాష్‌కి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం మారింది అన్నది అందులోనే ఉంటుంది. ఎవరైనా ఆ లాగ్స్ డిలీట్ చేసేసి 'పోనీలే, కొత్తది పెడదాం' అంటే ఏమంటాం? తిడతాం. కానీ కుక్కల క్యాన్సర్ చికిత్సలో మామూలుగా జరుగుతున్నది అదే. మందు కొన్నాళ్లు పనిచేస్తుంది, గడ్డ కరుగుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఓ రోజు అదే గడ్డ మళ్లీ పెరుగుతుంది. డాక్టర్ మందు మారుస్తారు, లేదా ఆపేస్తారు. ఆ గడ్డలో ఏం మారిందో చూసేవాళ్లు మాత్రం ఉండరు.

నా వాదన ఒక్కటే. మందు పనిచేయడం ఆగిన రోజున ఆ గడ్డ నుంచి చిన్న ముక్క తీసి దాచాలి, అందులో ప్రోటీన్లు ఎలా మారాయో చూడాలి. ఈ పని మన రాష్ట్రంలో మొదలుపెట్టడానికి కావాల్సినవి చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. లేనిది ఆ డేటా చదివే మనుషులు. ఆ మనుషులు మధురవాడ, రుషికొండ ఐటీ హిల్స్ చుట్టూ రెజ్యూమేలు పట్టుకుని తిరుగుతున్న మన బీటెక్ వాళ్లే ఎందుకు కాకూడదు?

ఎవరూ నొక్కకుండా మోగే బెల్

ముందు మందు సంగతి చూద్దాం. 2009 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ 'పల్లాడియా' అనే మాత్రకి అనుమతి ఇచ్చింది. మందు పేరు టోసెరానిబ్. అక్కడ కుక్కల క్యాన్సర్ కోసమే ప్రత్యేకంగా తయారై అనుమతి పొందిన మొదటి మందు అదే. అంతకుముందు కుక్కలకి మనుషుల మందులనే డాక్టర్లు తమ అనుభవంతో సర్ది వాడేవారు.

ఈ మందు మాస్ట్ సెల్ ట్యూమర్ అనే చర్మపు గడ్డ కోసం. కుక్కల్లో తరచుగా కనిపించే చర్మ క్యాన్సర్లలో ఇదొకటి. బాక్సర్, పగ్, లాబ్రడార్ జాతుల్లో ఎక్కువ. వైజాగ్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం వాకింగ్‌కి దిగే కుక్కల్ని చూస్తే ఈ లిస్ట్ ఎంత దగ్గరిదో అర్థమవుతుంది. పైగా ఈ గడ్డ మోసం చేస్తుంది. ఒకరోజు ఉబ్బుతుంది, ఇంకోరోజు తగ్గుతుంది. దోమో చీమో కుట్టిందనుకుని వదిలేస్తాం. అందుకే కుక్క ఒంటిమీద ఏ గడ్డ కనిపించినా ముందు సూది పరీక్ష చేయించడం మంచిది.

ఈ గడ్డల్లో కొన్నిటి వెనక ఉన్న ముద్దాయి 'కిట్' అనే ప్రోటీన్. కణం పైపొరలో కూర్చుని ఉంటుంది. బయటి నుంచి సంకేతం అందితే లోపలికి 'పెరుగు, రెండుగా విడిపో' అని కబురు పంపుతుంది. ఇంటి కాలింగ్ బెల్ లాంటిదన్నమాట. ఎవరో ఒకరు నొక్కితేనే మోగాలి. కానీ కొన్ని కుక్కల గడ్డల్లో కిట్ జీన్‌లో ఒక ముక్క రెండుసార్లు రాసుకుపోతుంది. కాపీ పేస్ట్ బగ్ అనుకోండి. దాంతో స్విచ్ లోపలికి ఇరుక్కుపోయి, ఎవరూ నొక్కకపోయినా బెల్ మోగుతూనే ఉంటుంది. కణాలు ఆగకుండా పెరుగుతాయి.

కిట్ పనిచేయాలంటే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసుకోవాలి. బెల్‌కి కరెంటు అందడం లాంటిది. టోసెరానిబ్ సరిగ్గా ఆ ఏటీపీ కూర్చునే గుంటలో దూరి కరెంటు అందకుండా చేస్తుంది. దీన్నే టార్గెటెడ్ థెరపీ అంటాం. వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పడే పాత కీమోలా కాకుండా, ఎంచుకున్న కొన్ని ప్రోటీన్లని మాత్రమే పట్టుకుంటుంది. అలాగని సైడ్ ఎఫెక్ట్స్ లేవని కాదు. విరేచనాలు, ఆకలి తగ్గడం, కడుపులో పుండ్లు ఉంటాయి.

ఫలితం ఎలా ఉంది? 2009లో వచ్చిన ట్రయల్ వివరాల ప్రకారం మందు తీసుకున్న 145 కుక్కల్లో 62 కుక్కల గడ్డలు పూర్తిగా పోయాయి, లేదా బాగా తగ్గాయి. అంటే 42.8 శాతం. కిట్ జీన్‌లో మార్పు ఉన్న కుక్కల్లో ఇది 69 శాతం, లేనివాటిలో 37 శాతం. టార్గెట్ సరైనదేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ అదే పేపర్‌లో ఇంకో అంకె ఉంది. ఆ ఫలితం నిలబడిన మధ్యస్థ కాలం 12 వారాలు. మూడు నెలలు! సంక్రాంతికి కరిగిన గడ్డ ఉగాది దాటగానే తిరిగొచ్చినట్టు.

ప్రోటీన్ ఎలా తప్పించుకుంటుంది?

ఆ మూడు నెలల్లో ఏం మారిందన్నదే అసలు ప్రశ్న. ఇప్పటివరకు తెలిసిన దారులు ప్రధానంగా మూడు.

మొదటిది, తాళం ఆకారం మారిపోవడం. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కుక్క మాస్ట్ సెల్ గడ్డ నుంచి వచ్చిన 'సీ2' అనే కణాలని టోసెరానిబ్‌లోనే పెంచుతూ పోయి, మందుకి లొంగని రకాలు తయారుచేశారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. మందు ఉండగానే కిట్ మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. జీన్ చదివితే పాత బగ్‌కి తోడు కొత్త మార్పులు కనిపించాయి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. దండలో ఒక్క పూస మారినా మడత మారొచ్చు. మడత మారితే మందు కూర్చునే చోటు మారుతుంది.

రెండోది, తాళం అదే, కానీ తాళాల సంఖ్య పెరిగిపోవడం. మందు పదిటిని మూస్తే కణం వందని నిలబెడుతుంది. ఇందులో జపాన్ పరిశోధకులు చూపించిన సంగతి నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. ఇమాటినిబ్ అనే మందుకి లొంగని కుక్క కణాల్లో కిట్ ప్రోటీన్ ఎక్కువగా పోగుపడింది. కారణం ఏంటని చూస్తే, పాత ప్రోటీన్ చావడం లేదు. మామూలుగా కణం వాడేసిన ప్రోటీన్ మీద యుబిక్విటిన్ అనే చిన్న ట్యాగ్ అతికిస్తుంది. 'ఇది చెత్తబండిలో వెయ్యండి' అని చీటీ అంటించినట్టు. ఆ కణాల్లో ఈ చీటీలు అంటించడం తగ్గిపోయింది. చెత్తబండి ఎక్కాల్సిన కిట్ ఇంకా డ్యూటీలోనే ఉంది.

మూడోది, పక్కదారి. మధురవాడ కారుషెడ్ జంక్షన్ దగ్గర హైవే మూసేస్తే బండ్లు ఆగిపోతాయా? రుషికొండ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకుంటాయి. కణం కూడా అంతే. కిట్ దారి మూసేస్తే వేరే ప్రోటీన్ల దారిలో అదే 'పెరుగు' అనే కబురు లోపలికి పంపుతుంది.

ఈ మూడూ చూశాక ఒక విషయం తేలుతుంది. జీన్ రిపోర్ట్ ఒక్కటే చదివితే మొదటి దారి మాత్రమే బాగా కనిపిస్తుంది. చెత్త ట్యాగ్ తగ్గడం, ప్రోటీన్ పోగుపడటం, పక్కదారి తెరుచుకోవడం ఇవన్నీ కిట్ జీన్‌లో ఒక్క అక్షరం మారకుండానే జరగొచ్చు. సోర్స్ కోడ్ అంతా కరెక్ట్‌గానే ఉంది, రన్‌టైమ్‌లో మాత్రం మెమరీ లీక్. కోడ్ రివ్యూతో అది దొరకదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని చూడాలి. కణంలో ఆ నడుస్తున్న ప్రోగ్రామ్ ప్రోటీన్లే.

మన సుబ్బారావు గారి మందు దగ్గరే మొదలైంది

ఇది ఎక్కడో అమెరికా, జపాన్‌ల గొడవ అనుకోకండి. మందు పనిచేసి ఆగిపోవడమనే ఈ కథ మొదటి అధ్యాయాల్లో ఒక తెలుగు పేరుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో నడిపించిన పరిశోధన నుంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వచ్చాయి. 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే పది మందిలో మెరుగు కనిపించింది. అప్పటిదాకా ఆ జబ్బుకి మందు అన్న మాటే లేదు. కానీ ఆ మెరుగు తాత్కాలికమే. జబ్బు తిరిగొచ్చింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

జబ్బు ఎందుకు తిరిగొస్తుందన్న ప్రశ్నకి ఒక గట్టి సమాధానం 1978లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. రాబర్ట్ షిమ్కే బృందం మెథోట్రెక్సేట్‌కి లొంగని కణాలని చూస్తే, ఆ మందు పట్టుకోవాల్సిన ఎంజైమ్ జీన్‌కి బోలెడు కాపీలు కనిపించాయి. ఎంజైమ్ అంతగా పెరిగితే మందు చాలదు. పైన చెప్పుకున్న రెండో దారికి ఇది పెద్దన్న. మందు వచ్చిన 30 ఏళ్లకి కారణం తెలిసింది.

ఇమాటినిబ్ విషయంలో మాత్రం కథ వేగంగా నడిచింది. మనుషుల రక్త క్యాన్సర్‌లో ఒక రకానికి దాన్ని 2001లో అనుమతించారు. అదే ఏడాది మందుకి లొంగని రోగుల కణాలు పరీక్షిస్తే, టార్గెట్ ప్రోటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ వచ్చి కూర్చుందని తేలింది. ఒక్క పూస. ఆ ఒక్క పూసనీ లెక్కలోకి తీసుకుని డిజైన్ చేసిన పొనాటినిబ్ 2012లో అనుమతి పొందింది. 30 ఏళ్లకీ 11 ఏళ్లకీ తేడా తెచ్చినవాటిలో జీన్ చదివే టెక్నాలజీ ఉంది. దాంతోపాటు మందు ఆగిన రోగుల నుంచి శాంపిల్ తీసి చూడటం కూడా ఉంది. లాగ్స్ దాచినవాళ్లకి ప్యాచ్ దొరికింది.

కుక్కలెందుకు? మనుషులకే దిక్కులేదు కదా?

'మనుషులకే దిక్కులేదు, కుక్కకి క్యాన్సర్ మందేటి బాబూ' అని మా ఉత్తరాంధ్ర పెద్దలు అంటారు. న్యాయమైన మాటే. క్యాన్సర్ వచ్చిన మనిషికి వైద్యం చేయించడానికే పొలాలు అమ్ముకునే ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. దీనికి 'జంతు ప్రేమ' అని జవాబిస్తే సరిపోదు.

నా జవాబు వేరు. ల్యాబ్ ఎలుకకి క్యాన్సర్‌ని మనం తెప్పిస్తాం. కుక్కకి మనలాగే దానంతటదే వస్తుంది. మన ఇంట్లోనే ఉంటుంది, మన గాలే పీలుస్తుంది, దాని రోగనిరోధక శక్తి దానికి ఉంటుంది. ఆయుష్షు తక్కువ కాబట్టి జబ్బు నడకా వేగంగానే ఉంటుంది. మనిషిలో ఏళ్లు పట్టే సంగతి కుక్కలో నెలల్లో కనిపించొచ్చు. పైగా కిట్ ప్రోటీన్ బగ్ మనుషులకీ ఉంది. జీర్ణాశయం, పేగుల్లో వచ్చే జిస్ట్ అనే గడ్డలో ఎక్కువ కేసుల వెనక ఉన్నది అదే. అక్కడ కూడా మొదట ఇమాటినిబ్ ఇస్తారు, చాలామందిలో కొన్నాళ్లకి కిట్‌లో కొత్త మార్పులు వచ్చి మందు ఆగిపోతుంది. అప్పుడిచ్చే సునిటినిబ్ నిర్మాణంలో టోసెరానిబ్‌కి దగ్గరి చుట్టమే. మనుషులకి సునిటినిబ్ అనుమతి 2006లో వచ్చింది. దాని చుట్టం టోసెరానిబ్‌ని కుక్కల్లో మొదట పరీక్షించిన ఫలితాలు 2003లోనే వచ్చాయి. కాబట్టి కుక్క గడ్డ చదవడం మనిషి నోటి దగ్గరి కూడు లాక్కోవడం కాదు. ఒకే పుస్తకాన్ని ఇంకో ఎడిషన్‌లో చదవడం.

మన దగ్గర ఏం ఉంది?

మందు తయారుచేసే చెయ్యి ఉంది. హైదరాబాద్ నాట్కో 2003లోనే ఇమాటినిబ్ జెనెరిక్‌ని 'వీనాట్' పేరుతో తెచ్చింది. పేటెంట్ మందు నెలకి లక్షకి పైగా ఉన్న రోజుల్లో జెనెరిక్ పదివేల దరిదాపుల్లో దొరికింది. ఆ పేటెంట్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడిపోయింది. ఇదే ఇమాటినిబ్‌ని విదేశాల్లో కుక్కల మాస్ట్ సెల్ గడ్డల మీద కూడా ప్రయోగించి చూశారు. అయితే ఒక హెచ్చరిక. ఇంట్లో ఎవరికో రాసిన మాత్రని కుక్కకి వెయ్యకండి. డోసు లెక్కలు వేరు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. పశువైద్యుడు చెప్తేనే.

చూసే కళ్లున్నాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, దాని కింద గన్నవరం, గరివిడి కాలేజీలు ఉన్నాయి. విజయనగరం జిల్లా గరివిడి మనకి ఎంతో దూరం కాదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది.

శాంపిల్ దాచడం పెద్ద ఖర్చు కదా అంటారేమో. ప్రోటీన్ మీద ఉండే ఫాస్ఫేట్ గుర్తులు గడ్డని కోసిన కొద్ది నిమిషాల్లోనే మారిపోవడం మొదలవుతాయి. అందుకే ముక్కని వెంటనే గడ్డకట్టించాలి. దానికి వాడేది లిక్విడ్ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీలు. వినడానికి ఏదో నాసా సరుకులా ఉంటుంది. కానీ పల్లెల్లో ఆవులకి, గేదెలకి కృత్రిమ గర్భధారణ చేసే సిబ్బందిని అడగండి. వాళ్ల దగ్గర వీర్యపు స్ట్రాలు దాచే లిక్విడ్ నైట్రోజన్ కంటైనర్ రోజూ వాడే సామాను. పశువైద్యశాఖకి ఇది దశాబ్దాలుగా అలవాటైన పని. ఆవు కోసం ఉన్న ఏర్పాటుని కుక్క కోసం కొంచెం సర్దుకుంటే చాలు.

ఇక పద్ధతి. కుక్క యజమాని రాతపూర్వక అంగీకారం, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. కుక్కకి అదనపు బాధ ఉండకూడదు. చికిత్స కోసం ఎలాగూ తీసే ముక్కలోంచే కొంచెం దాచాలి. మందు మొదలుపెట్టే ముందు ఒకటి, ఆగిపోయాక ఒకటి. ఈ రెండూ కలిస్తేనే విలువ. ఒక్కటే ఉంటే తేడా కనిపించదు. ముందు ఫైల్ లేకుండా డిఫ్ ఎలా తీస్తాం?

బీటెక్ వాళ్లకి ఇందులో పనేంటి?

ఒక్క గడ్డ ముక్కని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే వేల ప్రోటీన్ల లెక్కలు వస్తాయి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, దేని మీద ఫాస్ఫేట్ చేరింది అన్నీ అంకెలే. వాటిని చదవాలంటే స్టాటిస్టిక్స్ తెలిసి, కోడ్ రాయగలిగి, బయాలజీ అంటే భయం లేని మనిషి కావాలి. వెటర్నరీ కాలేజీలో మొదటి రెండూ వచ్చినవాళ్లు తక్కువ. ఇంజినీరింగ్ కాలేజీలో మూడోది ఉన్నవాళ్లు తక్కువ. ఖాళీ సరిగ్గా ఆ మధ్యలో ఉంది.

ఇంటర్ ఎంపీసీ తీసుకున్న రోజే బయాలజీకి దండం పెట్టేశాం అనుకునేవాళ్లకి ఒక చిన్న ప్రాజెక్ట్ చెప్తా. ఖర్చు సున్నా. యూనిప్రోట్ వెబ్‌సైట్‌లో కుక్క కిట్ ప్రోటీన్ సీక్వెన్స్, మనిషి కిట్ సీక్వెన్స్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. పైథాన్‌లో పక్కపక్కన పెట్టి ఎక్కడ ఒకేలా ఉన్నాయో, ఎక్కడ తేడా ఉందో చూడండి. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో దాని త్రీడీ ఆకారం తెరవండి. మందు కూర్చునే గుంటని గుర్తించండి. పేపర్లలో చెప్పిన రెసిస్టెన్స్ మార్పులని దాని మీద రంగులతో పెట్టండి. ఆ తర్వాత అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఇంటిగ్రేటెడ్ కెనైన్ డేటా కామన్స్‌లో నిజమైన కుక్కల క్యాన్సర్ డేటా ఉంది, అదీ ఓపెన్. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒక్క పూస మారితే ప్రోటీన్ ఎలా ప్రవర్తిస్తుందో ఆల్ఫాఫోల్డ్ దానంతటది నమ్మకంగా చెప్పలేదు. ఏఐ చెప్పింది కదా అని ఊరుకోకుండా ల్యాబ్ శాంపిల్‌తో సరిచూడాలి. అందుకే మళ్లీ ఆ గడ్డ ముక్క దగ్గరికే వస్తాం.

డబ్బు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. ఇది క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో వచ్చే ప్యాకేజీ కాదు. కేంద్ర ప్రాజెక్టుల్లో జేఆర్ఎఫ్ స్టైపెండ్ 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ. గేట్ ఉన్న బీటెక్ వాళ్లకి కూడా చాలా ప్రాజెక్టుల్లో అర్హత ఉంటుంది. గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ పేపర్లు ఉన్నాయి. ఐఐఐటీ హైదరాబాద్‌లో బయోఇన్ఫర్మేటిక్స్‌కి ప్రత్యేక సెంటర్ ఉంది. ఇంటికి ఈఎంఐలు కట్టాల్సినవాళ్లు ఉద్యోగం మానేసి దూకమని నేను చెప్పను. శని, ఆదివారాలు దీనికి పెట్టి చూడండి. ఆరు నెలల తర్వాత నచ్చకపోతే మీరు నేర్చుకున్న స్టాటిస్టిక్స్ ఎక్కడికీ పోదు.

కాలేజీలకి ఒక మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అంటే అమీర్‌పేటలో కొనుక్కొచ్చే అటెండెన్స్ సిస్టమ్ కాకుండా, ఒక్క బ్యాచ్‌కైనా వెటర్నరీ కాలేజీతో కలిసి పనిచేసే అవకాశం ఇవ్వండి. మొదటి ఏడాది పది కుక్కల రికార్డులు ఒకే ఫార్మాట్‌లో పెట్టినా చాలు. జాతి, వయసు, గడ్డ ఉన్న చోటు, ఇచ్చిన మందు, పనిచేసిన వారాలు, ఆగిన తేదీ, శాంపిల్ ఉందా లేదా. ఎనిమిది కాలమ్స్ కూడా లేని ఎక్సెల్ షీట్ అది. దానికి గ్రాంట్ అక్కర్లేదు, బిల్డింగ్ అక్కర్లేదు. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఆ తర్వాత. పశువైద్య విశ్వవిద్యాలయంలో ఇలాంటి జత శాంపిళ్లు దాచే చిన్న బ్యాంకు, అది ఏ విద్యార్థి అయినా చూసేలా ఓపెన్ డేటా.

ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఇవాళే చేయగలిగింది ఒకటుంది. డాక్టర్ 'గడ్డ తీసేద్దాం' అన్నప్పుడు, దాన్ని ల్యాబ్‌కి పంపుతారా అని అడగండి. 'మందు పనిచేయడం లేదు, ఆపేద్దాం' అన్నప్పుడు, ఎందుకో తెలుసుకోవడానికి ఇంకోసారి పరీక్ష చేద్దామా అని అడగండి. అడిగేవాళ్లు పెరిగితే చేసేవాళ్లూ పెరుగుతారు. మీ చేతిలో ల్యాప్‌టాప్ ఉంటే ఈ శనివారం యూనిప్రోట్ తెరిచి, కిట్ అని కొట్టి, కుక్క వరుస ఎక్కడుందో వెతకండి. మొదటి లాగ్ అక్కడుంది.